అతుకు నాది కాదు

ఆ పొద్దున స్టూడియోలో అడుగుపెట్టగానే గుసగుసకు రంగులక్క కంప్యూటరు తెర మీద తన తండ్రి పూసిన గోడ కనబడింది.

గోడంటే నిజం గోడ కాదు, కుంచె. కంప్యూటరులో బొమ్మలు వేసేవాళ్ళు చేతిలో పెన్నుతో పలక మీద గీస్తే తెర మీద రంగు పడుతుంది. ఆ రంగు నున్నగా పడాలా, గరుకుగా పడాలా, రాయిలా పడాలా, గోనెగుడ్డలా పడాలా అన్నది ఎంచుకున్న కుంచెను బట్టి ఉంటుంది. ఆ కుంచెలు చెట్లకు కాయవు. ఎవరో ఒకరు కూర్చుని చేయాలి. ఆ స్టూడియోలో అవసరానికి ఒకటీ అరా చేసుకునేవాళ్ళున్నా, అదే పనిగా కూర్చుని చేసే మనిషి గుసగుస ఒక్కతే.

పిల్లల కథల పుస్తకాలకు బొమ్మలు వేసే స్టూడియో అది. ఆరు బల్లలు, ఆరు కంప్యూటర్లు, కిటికీ పక్కన అద్దాల గది. అద్దాల గదిలో మాస్టారు. ఆయన ఒకప్పుడు నిజం కుంచెతో నిజం కాగితం మీద బొమ్మలు వేసేవారట. ఇప్పుడు వేయిస్తారు. రంగులక్క పదిహేనేళ్ళుగా అక్కడ రంగులు నింపుతోంది. గుసగుసకు ఆ పేరు పెట్టింది ఆవిడే. చేరిన మొదటి రోజు "టీ తాగుతావా?" అని అడిగితే, ఆ పిల్ల చెప్పిన జవాబు ఆ పిల్లకు తప్ప ఎవరికీ వినపడలేదు. "ఇదేంటమ్మా, గుసగుసలు పోతున్నావు!" అంది రంగులక్క. అంతే, ఏడాది తిరిగేసరికి ఆఫీసంతా ఆ పేరే ఖాయమైపోయింది.

"అక్కా, ఇది ఎక్కడిది?" అంది గుసగుస, తెర వైపు చూపిస్తూ.

"ఎక్కడిదేంటి, లోకం మొత్తానికి తెలిసిపోతే నీకింకా తెలియదా? మాస్టారు నిన్న నెట్‌లో పెట్టారు. ఎవరైనా దింపుకోవచ్చు." రంగులక్క కుర్చీ వెనక్కి జరిగి ఆమెకు చోటిచ్చింది. "చూడు, చూసి తరించు."

పైన పెద్ద అక్షరాలతో ఉంది: మాస్టారి గోడలు. కింద కాస్త చిన్న అక్షరాలతో: నలభై ఏళ్ళ అనుభవం, నలభై కుంచెలు. పక్కన ఫోటో. అందులో మాస్టారు ఏదో పాత గోడకు చెయ్యి ఆనించి, దూరంగా ఎక్కడికో చూస్తున్నారు. ఆ గోడ తన బిడ్డ అయినట్టూ, అది పెద్దదై ఉద్యోగానికి వెళ్ళిపోతున్నట్టూ ఉంది ఆ చూపు.

గుసగుస కుంచెలు ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళింది. గోడ ఒకటి, గోడ రెండు, గోడ మూడు. పేర్లు మార్చినంత మాత్రాన మొహాలు మారతాయా? గోడ మూడు ఆమెది. దాని అసలు పేరు 'నాన్న గోడ'. గోడ ఏడు 'వాన తడిపిన గోడ'. గోడ పదకొండు 'అత్తయ్య విసుక్కున్న గోడ'. ప్రహరీకి గరుకు పూత ఎందుకు వేశావు, చీర కొంగు చిరిగిపోతోందని మేనత్త ఆరు నెలలు సాధించిన గోడ అది. గోడ పదమూడు 'తమ్ముడు బంతి కొట్టిన గోడ'. లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై రెండు.

"నావి ఇరవై రెండున్నాయి అక్కా."

"నాకు తెలుసు."

"మరి నా పేరు..."

"ఎక్కడుంటుందమ్మా? వెతుకు, వెతుకు. చివర్లో 'నా విద్యార్థులకు ఆశీస్సులు' అని ఉంది చూడు, బహుశా ఆ ఆశీస్సుల్లో నీ వాటా ఏదైనా ఉందేమో."

గుసగుస మొహంలోకి నెత్తురు జివ్వున ఎక్కింది. గొంతులోకి మాత్రం ఏమీ ఎక్కలేదు. వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చుంది.

ఆ ఇరవై రెండు కుంచెల వెనక ఎనిమిది నెలల ఆదివారాలున్నాయి. తండ్రి తాపీ మేస్త్రీ. ఇంటి గోడకు సిమెంటు పూత పూయడంలో ఆయన చెయ్యి తిరిగిన చెయ్యి. కూతురు అడిగిందని పనిచోట మిగిలిన చెక్కముక్కలు తెచ్చి, వాటి మీద రకరకాలుగా పూత పూసి ఇచ్చేవాడు. ఒకదాన్ని చెక్కతో గుండ్రంగా రుద్దేవాడు. ఒకదాన్ని తడి స్పాంజితో అద్దేవాడు. ఒకదాని మీద గోనెసంచి పరిచి నొక్కి లాగేవాడు. "ఇది చాలా, ఇంకా గరుకు కావాలా?" అని చిన్నపిల్లాడిలా అడిగేవాడు. అమ్మ తలుపులో నిలబడి దెప్పేది. "మన వంటింటి గోడ పెచ్చులూడి కూరలో పడుతోంది, దాని మొహం చూసే నాథుడు లేడు. బొమ్మల్లో గోడలకు మాత్రం సింగారాలు!"

పూత ఆరాక గుసగుస ఆ చెక్కల్ని సాయంత్రం కిటికీ దగ్గర వాలుగా పెట్టేది. ఎండ పక్కనుంచి తగిలితేనే గరుకుకు నీడ పడుతుంది. ఫోటో తీసి, కంప్యూటరులో రంగంతా తీసేసి, నలుపు తెలుపు చేసేది. నల్లగా ఉన్నచోట కుంచె రంగు వేస్తుంది, తెల్లగా ఉన్నచోట వేయదు. కాబట్టి అంచులు పాలలా తెల్లబడేదాకా తుడవాలి. అంచున ఆవగింజంత బూడిదరంగు మిగిలినా సరే, కుంచె గీసినప్పుడల్లా దాని చుట్టూ ఉన్న చదరం కూడా అచ్చు పడుతుంది. గోడ గోడలా ఉండదు, అతుకులేసిన దుప్పటిలా ఉంటుంది. అందుకని తుడిచి, గీసి చూసి, మళ్ళీ తుడిచేది. ఆ తరవాత కుంచె నడుస్తున్నప్పుడు అచ్చు దానంతటది తిరిగేలా, దగ్గర దగ్గరగా పడేలా, పెన్ను నొక్కితే చిక్కబడేలా ఒక్కొక్కటీ అమర్చేది. ఒక్కో కుంచెకు వారం పట్టేది.

అతుకు అంటే ఆమెకు అంత పట్టుదల తండ్రి నుంచే వచ్చింది. ఆయన ఒక గోడకు పూత మొదలుపెడితే ఆ మూల నుంచి ఈ మూలదాకా పూర్తయ్యేవరకు నిచ్చెన దిగడు. సగం పూసి భోజనానికి దిగితే, ఆరిన పూతకూ తడి పూతకూ మధ్య గీత పడుతుంది. ఆ గీత ఎన్ని రంగులేసినా పోదు. అందుకే మేస్త్రీ దిగేదాకా సైట్‌లో ఎవరూ క్యారేజీ మూత తీయరు. "అతుకు పడిన గోడా, అబద్ధమాడిన నోరూ ఒకటే. ఎంత సున్నం కొట్టినా దాగవు" అంటాడు.

మరి ఆ కుంచెలు మాస్టారి చేతికి ఎలా వెళ్ళాయంటే, గుసగుసే ఇచ్చింది. మూడు నెలల కిందట ఆయన ఆమె బల్ల దగ్గరకు వచ్చి, భుజం మీద పెద్దరికంగా తట్టి, "నీ బ్రష్షులు బాగున్నాయమ్మా. అందరి ఫోల్డరులో పెట్టు. ఇక్కడ మనమంతా ఒక కుటుంబం కదా" అన్నారు. ఆఫీసులో పెద్దవాళ్ళు కుటుంబం అన్నారంటే ఎవరి కంచంలోనో ముద్ద తగ్గబోతోందని అప్పటికి ఆ పిల్లకు తెలియదు. పొంగిపోయి ఆ సాయంత్రమే పెట్టింది.

*

మధ్యాహ్నం దాకా గుసగుస ఒక్క గీత గీయలేదు. రంగులక్క వచ్చి బల్ల అంచున కూర్చుంది.

"వెళ్ళి అడుగు."

"ఏమని?"

"ఏమనేంటి? నావి మీవెలా అయ్యాయండీ అని. అడగందే అమ్మైనా పెట్టదు. ఈయన అమ్మ కూడా కాదు."

"నువ్వు రా అక్కా, తోడుగా."

"నేనొస్తే గొడవవుతుంది. నువ్వు వెళ్తే న్యాయమవుతుంది. లే."

గుసగుస లేచింది. అద్దాల గది దాకా పద్దెనిమిది అడుగులు. దారి పొడుగునా ఒకే వాక్యం నూరుకుంటూ వెళ్ళింది: సార్, అందులో ఇరవై రెండు నేను చేసినవండి. తలుపు తోసేసరికి ఆ వాక్యం నాలుక వెనక్కి జారిపోయింది.

"ఆ, నువ్వే! నీ కోసమే కబురు పెడదామనుకుంటున్నా" అన్నారు మాస్టారు, ఫోనులోంచి తల ఎత్తకుండా. "నా గోడల సెట్టు చూశావు కదా? ఏంటో గానీ గీస్తుంటే మధ్యలో గళ్ళు గళ్ళుగా పడుతున్నాయని నలుగురైదుగురు రాశారు. శనివారం క్లాసుంది, ముప్పై మంది వస్తున్నారు. ఈలోపు నువ్వు అవి సరిచేసి పెట్టు."

గుసగుసకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తన కుంచెల్లో గళ్ళా?

"గళ్ళు పడవండి" అంది.

"ఏంటి?"

"నా వాటిలో... గళ్ళు పడవండి."

ఆయన అప్పుడు తల ఎత్తారు. కోపంగా కాదు. తెలివితక్కువ పిల్లకు ఎక్కం నేర్పేవాడిలా చూశారు. "నీ వాటిలో అంటే? చూడమ్మా, కుంచె చేసినంత మాత్రాన అది నీదైపోదు. గిన్నె చేసినవాడు వచ్చి కూర నాదంటాడా? కుంచె పనిముట్టు. దాంతో నలభై ఏళ్ళు బొమ్మలు వేసినవాడి పేరు ఉంటేనే దానికి విలువ. నీ పేరు పెడితే ఎవడు దింపుకుంటాడు చెప్పు? నీ కుంచెలు లోకానికి చేరాయా లేదా? సంతోషించాలి."

గుసగుస నోరు తెరిచింది. అప్పటికే ఆయన మళ్ళీ ఫోనులోకి తల దించేశారు.

"శనివారంలోగా. సరేనా?"

"సరేనండి" అంది. ఆ మాట మాత్రం చక్కగా వచ్చింది.

బయటికొచ్చాక తన మీద తనకే అసహ్యం వేసింది. నావి అన్న మాటకు గొంతు పెగలలేదు, సరే అన్న మాటకు మాత్రం ఎంత సాఫీగా పెగిలింది!

బల్ల దగ్గర కూర్చుని మాస్టారి సెట్టు దింపుకుని, ఒక కుంచెను విప్పి చూసింది. చూస్తూ ఉంటే చెవులు వేడెక్కాయి. ఆయన ఆమె ఫైళ్ళను ఉన్నవి ఉన్నట్టు తీసుకోలేదు. తీసుకుంటే ఆ ఫైళ్ళలో ఆమె పెట్టిన పేర్లు బయటపడతాయి. అందుకని ఒక్కో కుంచెతో తెల్ల కాగితం మీద ఒక్క అచ్చు కొట్టి, దాన్ని ఫోటోలా దాచుకుని, ఆ ఫోటోతో కొత్త కుంచె చేశారు. ఫోటోగా దాచేటప్పుడు తెలుపు మాసింది. అంచుల్లో బూడిదరంగు చేరింది. అచ్చు తిరగడం పోయింది, నొక్కితే చిక్కబడటం పోయింది. వారం రోజుల పనిని అరనిమిషంలో ఎత్తుకెళ్ళారు, ఎత్తుకెళ్ళేటప్పుడు సగం దారిలో పారబోసుకున్నారు.

"దొంగతనం కూడా శ్రద్ధగా చేయలేదక్కా!" అంది. ఈసారి మూడో బల్ల దాకా వినపడింది.

*

ఇంట్లో తండ్రి కాళ్ళు కడుక్కుని వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. గుసగుస విషయమంతా చెప్పింది. ఇంట్లో ఆమె మాట బాగానే వినపడుతుంది. ఒక్కోసారి పక్కింటి దాకా.

అంతా విని ఆయన, "పోనీలేవే బుజ్జీ" అన్నాడు.

"పోనీలే ఏంటి నాన్నా?"

"నేను ముప్పై ఏళ్ళలో ఎన్ని ఇళ్ళు పూశాను? ఏ గోడ మీదైనా నా పేరుందా? గృహప్రవేశం రోజు ఓనరు గోడ నిమురుతూ 'ఎలా కట్టించానో చూశారా' అంటాడు. నేను అక్కడే నిలబడి ఉంటాను. కట్టించావు బాబూ, కట్టించావు అనుకుంటాను. మన పని మనకు తెలిస్తే చాలదా?"

"చాలదు."

"ఊరుకోవే" అంది అమ్మ లోపల్నుంచి. "ఉద్యోగం ఊడగొట్టుకుంటావా? పెద్దవాళ్ళతో మనకెందుకు?"

"దొంగలతో మనకెందుకు అనమ్మా, అది బాగుంటుంది."

"చూశావా, చూశావా! బయట పిల్లి, ఇంట్లో పులి" అంది అమ్మ తండ్రితో.

గుసగుస టాబ్లెట్ తెచ్చి తండ్రి ఒళ్ళో పెట్టింది. మాస్టారి 'గోడ మూడు' తీసుకుని తెర ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క గీత లాగింది. గళ్ళు. వరసగా, పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నట్టు.

తండ్రి కళ్ళు చికిలించి చూశాడు. "ఇదేంటి?"

"నీ గోడ."

"ఏ గోడ?"

"చెక్కతో గుండ్రంగా రుద్దావే, మొట్టమొదటిది. ఇప్పుడు దాని పేరు గోడ మూడు."

ఆయన మొహం మారింది. వేలితో ఒక్కో గీతనూ తడిమాడు, తెర మీద అవి చేతికి తగులుతాయన్నట్టు. "అతుకులు" అన్నాడు. "ఇదిగో ఇక్కడొకటి. ఇక్కడొకటి. ఎన్నున్నాయే ఇందులో! ఇది నేను పూసిందంటావా? నేనిలా పూస్తానా? పనిలో చేరిన మొదటి వారం కూడా ఇలా పూయలేదు నేను!"

"నువ్వు పూయలేదు నాన్నా. నేనూ చేయలేదు. ఎత్తుకెళ్ళి పాడుచేశారు."

"ఇది ఎంతమంది చూస్తారు?"

"ఎవరైనా చూడొచ్చు. లోకమంతా."

ఆయన లేచి నిలబడ్డాడు. తువ్వాలు భుజం మీద నుంచి జారి కింద పడినా పట్టించుకోలేదు. పేరు పోయిందంటే పోనీలే అన్న మనిషి, అతుకు కనబడేసరికి ఊగిపోయాడు. "పేరు తీసుకుంటే తీసుకున్నాడు. నా పనిని ఇలా లోకం మీద పడేస్తాడా? నీళ్ళ తొట్టికి పూసినా అతుకు పడనివ్వను నేను! ఎక్కడుంటాడా మనిషి?"

"శనివారంలోగా నన్నే సరిచేయమన్నాడు."

తండ్రి ఆగాడు. "దిద్దితే ఆ దొంగపని నిలబడుతుంది. దిద్దకపోతే నా గోడ పాడైపోయి ఉంటుంది" అన్నాడు చివరికి. "ఏదైనా నాకు కడుపుమంటే. నీకేది న్యాయమనిపిస్తే అది చెయ్యి."

"మీ ఇద్దరికీ గోడలు తప్ప లోకం లేదు" అంది అమ్మ. అన్నది గానీ, టాబ్లెట్ తను కూడా వంగి చూసింది. చూసి, "గళ్ళ లుంగీలా ఉంది" అంది.

*

గుసగుస దిద్దలేదు. దిద్దనని కూడా చెప్పలేదు. నోరులేనివాళ్ళు చేసే తిరుగుబాటు అంతే: సరే అంటారు, చేయరు. శుక్రవారం మాస్టారు అటుగా వెళ్తూ "అయిందా?" అంటే తల ఊపింది. అది అవుననో కాదనో తేల్చుకునే ఓపిక ఆయనకు లేదు.

శనివారం పొద్దున పై అంతస్తు హాలు నిండిపోయింది. బొమ్మలు నేర్చుకుంటున్న కుర్రకారు, బడి టీచర్లు ఇద్దరు, ముందు వరసలో బట్టల మీద డిజైన్లు గీసుకునే టైలరమ్మ ఒకావిడ. స్టూడియో వాళ్ళంతా వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. గుసగుసను పెద్ద తెరకు తగిలించిన కంప్యూటరు దగ్గర కూర్చోబెట్టారు, మాస్టారు అడిగిన ఫైలు తెరవడానికి.

"గోడ అంటే ఏంటి?" అని మొదలుపెట్టారు మాస్టారు. "గోడ అంటే కాలం. నలభై ఏళ్ళుగా నేను గోడల్ని చూస్తున్నాను. వాటితో మాట్లాడాను. ఒక్కో కుంచె కోసం ఎన్ని వీధులు తిరిగానో!"

గుసగుస చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏ వీధులు తిరిగాడీయన? ఆ గోడలు తమ పెరట్లో, చెక్కముక్కల మీద, అమ్మ తిట్లు వింటూ పుట్టాయి. ఈయన మాట్లాడాడట. వాటికి నోరుంటే ముందు ఈయన్నే అడిగేవి, నువ్వెవరు బాబూ అని.

మాస్టారు పెన్ను తీసుకుని తెర మీద ఇల్లొకటి గీసి, 'గోడ మూడు' ఎంచుకుని, ధీమాగా ఒక పెద్ద గీత లాగారు.

గళ్ళు. గుమ్మమంత తెర మీద ఒక్కో గడి పలకంత ఉంది.

టైలరమ్మ చెయ్యెత్తింది. "సార్, ఇంటి బయట బాత్రూమ్ టైల్స్ వేశారా?"

ముప్పై మందీ నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా. తరవాత గుసగుస వైపు తిరిగి, పెద్దమనసుతో క్షమిస్తున్నట్టుగా చెయ్యి చాపి చూపించారు. "ఇదిగో, మా అమ్మాయి. కుంచెలు నేను ఇస్తే, ఫైళ్ళు తయారుచేసే పని ఈ పిల్లకు అప్పజెప్పాను. సరిచేయమని కూడా చెప్పాను. చిన్నపిల్ల, అశ్రద్ధ. మీరేమీ అనుకోకండి. నేర్చుకుంటుంది."

అశ్రద్ధ.

ఆ మాట తగిలినచోట గుసగుసకు ఇంకేమీ మిగల్లేదు. భయం కూడా మిగల్లేదు. పేరు తీసుకున్నాడు, సరే. కూరా గిన్నే అని కథ చెప్పాడు, సరే. వారం వారం అంచులు తుడిచి తుడిచి కళ్ళు పోగొట్టుకున్న తనను, ముప్పై మంది ముందు అశ్రద్ధ అంటాడా? లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది.

"అతుకు నాది కాదండి."

"ఏంటమ్మా?"

"గోడలు నావి. అతుకు మీది."

ఎవరూ నవ్వలేదు. మాస్టారు గొంతు తగ్గించి, "తరవాత మాట్లాడదాం, కూర్చో" అన్నారు.

"నేను అశ్రద్ధగా చేయలేదండి. చూపిస్తాను."

ఆమెకు ఉపన్యాసం ఇవ్వడం రాదు. చేతులకు మాత్రం పని వచ్చు. మాస్టారి కుంచెతో ఒక్క అచ్చు కొట్టి, పెద్దది చేసి చూపించింది. చుట్టూ సన్నటి బూడిదరంగు చదరం అందరికీ కనబడింది. "ఒకసారి అచ్చు కొట్టి, ఫోటోగా దాచి, దాన్ని మళ్ళీ కుంచె చేస్తే ఈ మాపు వస్తుందండి. అసలు కుంచెలో రాదు." తరవాత సంచిలోంచి తన పెన్‌డ్రైవ్ తీసి తగిలించింది. ఫైళ్ళ పేర్లు పెద్ద తెర మీద వరసగా పడ్డాయి. నాన్న గోడ. వాన తడిపిన గోడ. అత్తయ్య విసుక్కున్న గోడ. పక్కనే ప్రతిదానికీ చేసిన తేదీ. టైలరమ్మ పైకే చదివి, "అత్తయ్య ఎందుకు విసుక్కుంది?" అంది. "కొంగు చిరిగిందండి" అంది గుసగుస, ఆ తొందరలోనే. 'నాన్న గోడ' ఎంచుకుని మాస్టారు గీసిన ఇంటి మీదే ఒక్క గీత లాగింది. గళ్ళ మీద నుంచి పూత పరుచుకుంటూ పోయింది, ఆ మూల నుంచి ఈ మూలకు, ఎక్కడా ఆగకుండా.

"అబ్బ" అన్నారెవరో.

అప్పుడు మాస్టారు చప్పట్లు కొట్టారు. "చూశారా! చూశారా మా స్టూడియోలో శిక్షణ ఎలా ఉంటుందో! ఏడాది కింద ఈ పిల్లకు పెన్ను పట్టుకోవడం రాదు. ఇదంతా..."

ఇంత అడ్డగోలుతనాన్ని పట్టే మాట కోసం గుసగుస వెతుక్కుంది. ఈలోపు టైలరమ్మే మళ్ళీ చెయ్యెత్తింది. "సార్, ఇవి ఈ అమ్మాయివైతే, మిగతావి ఎవరివి?"

"ఆరు నావి" అంది రంగులక్క వెనక నుంచి. "ఆ 'గోడ ముప్పై' గోడ కూడా కాదు సార్. నేను ఏనుగు చర్మానికి చేసుకున్నది."

"నాలుగు నావి" అన్నాడు ఆకాశాలు వేసే అతను. "మబ్బులు. గోడలెప్పుడయ్యాయో నాకూ తెలియదు."

"ఇక్కడ మనమంతా ఒక కుటుంబం..." అన్నారు మాస్టారు.

"కుటుంబమైతే ఫోటోలో మీరొక్కరే ఎందుకున్నారండి?" అంది గుసగుస.

హాలు మొత్తం మాస్టారి వైపు తిరిగింది. ఆయన పెన్ను బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసుకుని, మళ్ళీ పెట్టారు. "సరే. కొన్ని ఈ అమ్మాయివి" అన్నారు.

"ఎన్నండి?"

"ఏదో... పది పదిహేను."

"ఎన్నండి?"

ఆయనకు తెలియదు. నిజంగానే తెలియదు. ఎత్తుకెళ్ళినవాడు లెక్కపెట్టుకోలేదు. గుసగుస తెర మీద పెన్‌డ్రైవ్ ఫైళ్ళు చూపిస్తూ నిలబడింది. ఆయన పెదాలు కదుపుతూ లెక్కపెట్టారు. ముప్పై మందీ ఎదురుచూశారు.

"ఇరవై రెండు" అన్నారు.

"నెట్‌లో కూడా రాయండి."

"రాస్తాను లేమ్మా. సోమవారం..."

"కంప్యూటరు ఇక్కడే ఉందండి." ఆమె పడిపోయిన కుర్చీని లేపి, ఆయన వైపు జరిపింది. సోమవారం నుంచి ఈ స్టూడియోలో తనకు కుర్చీ ఉండదని ఆమెకు తెలుసు. పక్కకు మాత్రం జరగలేదు.

మాస్టారు కూర్చున్నారు. 'మాస్టారి గోడలు' అన్న పేజీ తెరిచారు. పెద్ద తెర మీద ప్రతి అక్షరం అందరికీ కనబడుతోంది. 'ఇందులో ఇరవై రెండు కుంచెలు తయారుచేసినది' అని కొట్టి, ఆగిపోయారు. మీటల మీద వేళ్ళు అలాగే ఉన్నాయి. అటూ ఇటూ చూసి, ఆమెకు మాత్రమే వినపడేలా అడిగారు.

"నీ అసలు పేరేంటమ్మా?"

ఏడాది. రోజూ ఆ అద్దాల గది ముందు నుంచే వెళ్ళింది. ఆ మనిషి తన ఇరవై రెండు కుంచెల్నీ తీసుకున్నాడు గానీ, ఒక్కసారి కూడా ఇది అడగాలని ఆయనకు తోచలేదు. అంతదాకా వచ్చిన కోపం ఒక ఎత్తు, ఇప్పుడొచ్చింది ఒక ఎత్తు.

"గట్టిగా అడగండి" అంది.

ఆయన గట్టిగా అడిగారు. ఆమె చెప్పింది. దాని పక్కన తండ్రి పేరు, ఆయన పేరు పక్కన తాపీ మేస్త్రీ అన్న మాట కూడా రాయమంది. ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతుంటే, వెనక్కి చేతులు కట్టుకుని, చివరి మీట నొక్కేదాకా కదలకుండా చూస్తూ నిలబడింది.